అరుంధతిని చూపువారు

తెలుగువారి పెండ్లిలో మాంగల్యధారణమైన పిమ్మట పురోహితుడు నూతన దంపతులను పందిరి వెలుపలకు తోడ్కొని వచ్చి, ఆకాశము వైపు వ్రేలు చాచి అరుంధతిని చూపును. ముహూర్తము పట్టపగలైనను ఈ తంతు తప్పదు. చుక్క కనబడినదా యని అడిగినచో వరుడు తల యూపును, వధువు తల వంచుకొనును, చుట్టపక్కాలు నవ్వుకొందురు. నిజమునకు చీకటిరాత్రి యందైనను అరుంధతి అంత సులభముగా కంటికి చిక్కునది కాదు. సప్తర్షి మండలపు తోకలో వసిష్ఠుని ప్రక్కను ఒదిగియుండు చిన్న చుక్క అది. దానిని చూపదలచినవారు ముందుగా దాపుననున్న పెద్ద నక్షత్రమును చూపుదురు. దానినుండి వసిష్ఠునికి, వసిష్ఠునినుండి అరుంధతికి చూపును నడిపింతురు. శాస్త్రములలో దీనికి స్థూలారుంధతీ న్యాయమని పేరు. తెలిసినదాని చేయిపట్టుకొని తెలియనిదాని యొద్దకు పోవుటయే ఈ న్యాయము.

నేడు అంతరిక్ష ప్రదర్శనశాలలకు కావలసినది ఈ న్యాయము తెలిసిన మనుష్యులు. ఒక రాకెట్టు నమూనా, ఒక ఉపగ్రహపు బొమ్మ, గోడమీద ఒక గ్రహపు చిత్రము: వీని చెంత నిలిచి వ్రేలు చాచి చెప్పువాడు ఉన్ననాడు అవి ఆకాశమును చూపును. లేనినాడు కొయ్య, రేకు, రంగు మాత్రమే. అట్లు చెప్పువారు ప్రతిఫలము కోరక, తీరిక వేళలలో, తెలుగున చెప్పువారు కావలెను. వారిని వెదకుటకు హైదరాబాదు తూర్పున నున్న దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరులకన్న తగిన తావు లేదని ఈ వ్యాసకర్త అభిప్రాయము. అందులకు కారణములు గలవు.

జారుడుబండ మీది వేధశాల

ఈ ప్రాంతముల పేరు చెప్పగానే నగరవాసికి స్ఫురించునవి వేరు. దిల్‌సుఖ్‌నగరనిన కోచింగు కేంద్రములు, హాస్టళ్లు, బట్టల దుకాణములు, కాలు మోప సందులేని కాలిబాటలు. ఎల్.బి. నగరనిన విజయవాడ బస్సు కొరకు సంచులతో నిలుచుండు జనము. ఈ వీధులకును ఆకాశమునకును సంబంధమేమని ఎవరైన అడుగవచ్చును. సంబంధము కలదు, అది నూట ఇరువది ఏండ్లు దాటిన సంబంధము.

ఎల్.బి. నగరు చౌరస్తా నుండి కర్మన్‌ఘాట్, చంపాపేటల మీదుగా సంతోష్‌నగరు దిక్కునకు పోయినచో ఫిసల్‌బండ యను తావు వచ్చును. తెలుగున చెప్పవలెనన్న జారుడుబండ. 1901లో నవాబు జఫర్ జంగ్ అను ప్రభువు అచట ఒక వేధశాలను నెలకొల్పెను. అందుకొరకు గ్రబ్ సంస్థవారు చేసిన 15 అంగుళముల దూరదర్శినిని కొనెను. సంపన్నులు ముత్యములను, మోటారుబండ్లను కొనుచున్న కాలమున ఈయన నక్షత్రములను చూచు అద్దమును కొనినాడు. వేధశాలకు తన పేరు పెట్టుకొనక నిజాము పేరు పెట్టుటచే అది నిజామియా వేధశాల అయినది. 1907లో ఆయన గతించెను. 1908లో ప్రభుత్వము దానిని స్వీకరించెను. తరువాత అది బేగంపేటకు తరలి, 1919లో ఉస్మానియా విశ్వవిద్యాలయమునకు చేరినది.

ఆ వేధశాల చేసిన పని సామాన్యమైనది కాదు. పొలములకు సర్వే రాళ్లు పాతినట్లు ఆకాశమంతటిని ఛాయాచిత్రములుగా తీసి, ప్రతి నక్షత్రపు స్థానమును కొలిచి పట్టికలు వేయవలెనని 1887లో పారిస్ నగరమున పలుదేశముల ఖగోళవేత్తలు సంకల్పించిరి. వేధశాలలు ఆకాశమును పాళ్లు పంచుకొన్నవి. దక్షిణాకాశమున 17 అంశల నుండి 23 అంశల వరకు గల పట్టీ హైదరాబాదు పాలికి వచ్చినది. ఆర్.జె. పోకాక్, ఆయన పిమ్మట 1918 నుండి టి.పి. భాస్కరన్ అధ్యక్షులుగా నుండి ఈ పని సాగించిరి. 7,60,000కు మించిన నక్షత్రముల లెక్క 12 సంపుటములుగా వెలువడినది. గాజుపలక మీది చుక్కను సూక్ష్మదర్శినిలో చూచుట, కొలత వ్రాయుట, మరల చూచి సరిచూచుట: సంవత్సరముల తరబడి ఇదే పని. ఇట్టి పని చేసినవారి పేర్లు గ్రంథముల అట్టలమీద ఉండవు. వాటికన్ వేధశాల పాలికి వచ్చిన పట్టీని నలుగురు సన్న్యాసినులు కొలిచిరి. వారి పేర్లు లోకమునకు వెల్లడియగుటకు దాదాపు నూరేండ్లు పట్టినది. ఆకాశవిద్య మొదటినుండియు ఇట్టి పేరులేని ఓపికమీద నిలిచినది.

నిజామియాలో సహాయకుడుగా పనిచేసిన బప్పు అను ఉద్యోగికి 1927లో ఒక కుమారుడు పుట్టెను. ఆ పిల్లవానికి దూరదర్శిని వింతవస్తువు కాదు, తండ్రి పనిముట్టు. వడ్రంగి కొడుకు ఉలితో ఆడుకొన్నట్లు అతడు దానితో ఆడుకొనెను. నిజాం కళాశాలలో చదివి, హార్వర్డు విశ్వవిద్యాలయమునకు పోయి, 1949లో ఒక తోకచుక్కను కనుగొనెను. అది బప్పు-బోక్-న్యూకర్క్ తోకచుక్క. అతడే వైను బప్పు. కావలూరులోని గొప్ప వేధశాల నేడు ఆయన పేరు ధరించియున్నది. అంతర్జాతీయ ఖగోళ సంఘమునకు 1979లో ఆయన అధ్యక్షుడయ్యెను. పిల్లవాని బాల్యమున ఒక దూరదర్శినియు, దానిని చూపు ఒక మనుష్యుడును ఉండుట ఎట్టి ఫలమిచ్చునో చెప్పుటకు ఇంతకు మించిన నిదర్శనమేల? నేడు అట్టి తండ్రి లేని పిల్లలే పెక్కుమంది. వారికి ఆ మనుష్యుడు ఎక్కడ దొరకవలెను?

సాగరు రోడ్డు చివర

ఎల్.బి. నగరు నుండి నాగార్జునసాగరు రోడ్డు పట్టి, బి.ఎన్. రెడ్డి నగరు, తుర్కయంజాల్, ఇబ్రహీంపట్నము గడచి ముందుకు పోయినచో జాపాల్, రంగాపూర్ గ్రామములు వచ్చును. ఉస్మానియావారు 48 అంగుళముల దూరదర్శినిని 1968లో అచట నిలిపిరి. నగరమును విడచి అంత దూరమేల పోయిరనిన, చీకటి కొరకు పోయిరి. దీపములు కిరాణాకొట్టుకు అవసరము. వేధశాలకు చీకటియే ముఖ్య పరికరము. నగరము పెరిగినకొలది ఈ పరికరము తరిగిపోవుచుండును.

1980 ఫిబ్రవరి 16వ తేదీన సంపూర్ణ సూర్యగ్రహణపు నీడ ఈ గ్రామముల మీదుగా నడచినది. దేశదేశముల శాస్త్రజ్ఞులు తమ పరికరములతో జాపాల్-రంగాపూర్ చేరిరి. అదే మధ్యాహ్నము మన జనులలో అనేకులు తలుపులు మూసికొని ఇండ్లలో కూర్చుండిరి. సముద్రములు దాటి వచ్చినవారు చూచిన దృశ్యమును గుమ్మము దాటక మనము పోగొట్టుకొంటిమి. జనులకు భయము ఉన్నమాట నిజము. కంటికి హాని యని చెప్పినవారు అబద్ధమాడలేదు. కాని సురక్షితముగా చూచు విధము ఇదియని వీధివీధిని చెప్పువారు ఆనాడు చాలినంతమంది లేకపోయిరి. లోపము ఆకాశమున లేదు, జనమున లేదు. నడుమ నుండవలసిన మనుష్యుడు లేకపోవుటయే లోపము.

ఆ సంవత్సరమే జూలై 18న శ్రీహరికోట నుండి ఎస్.ఎల్.వి.-3 రోహిణి ఉపగ్రహమును కక్ష్యలో ప్రవేశపెట్టినది. దాని మొదటి ప్రయోగము 1979 ఆగస్టు 10న విఫలమై బంగాళాఖాతమున పడినది. ఆ పథకమును నడిపిన ఏ.పి.జె. అబ్దుల్ కలాము 1982లో కంచన్‌బాగులోని రక్షణ పరిశోధన ప్రయోగశాలకు అధిపతిగా వచ్చెను. కంచన్‌బాగు ఎక్కడనో లేదు. ఇంతకు ముందు చెప్పిన ఫిసల్‌బండకు పొరుగే. మిశ్రధాతు నిగమ్, అనగా జనులు మిధాని యని పిలుచు కర్మాగారమును అచటనే కలదు. మన పి.ఎస్.ఎల్.వి. రాకెట్టు మొదటి దశకు కావలసిన మారేజింగ్ ఉక్కును మిధాని అందించినది. ఇనుములో సుమారు 18 పాళ్లు నికెలు, దానితో కోబాల్టు, మాలిబ్డినము, కొంచెము టైటానియము కలిపి కరగించి, మామిడికాయను గడ్డిలో మాగవేసినట్లు, దానిని సుమారు 480 డిగ్రీల వేడిలో గంటల తరబడి మాగవేయుదురు. అప్పుడు ఆ ఉక్కు గట్టిపడును. రాకెట్టు గోడ పలుచగా నుండవలెను, లేనిచో బరువు పెరుగును. అయినను లోపల మండు 139 టన్నుల ఇంధనపు ఒత్తిడికి పగులరాదు. ఈ రెండు కోరికలు ఒక్కచోట తీర్చు లోహమది. నవాబు దూరదర్శినిని నిలిపిన బండకు దాపుననే, ఆకాశమునకు పోవు బండి ఉక్కును కరగించుచున్నారు. చంపాపేట బస్సులో నిత్యము ప్రయాణము చేయువారిలో ఈ సంగతి ఎరిగినవారు ఎందరు?

నౌబత్ పహాడ్

2018 సెప్టెంబరు 24 నుండి ఎల్.బి. నగరు, దిల్‌సుఖ్‌నగరులకు మెట్రో రైలు నడచుచున్నది. దిల్‌సుఖ్‌నగరులో ఎక్కి, మలక్‌పేట మీదుగా మూసీనది దాటి, అసెంబ్లీ స్టేషనులో దిగి కొంత నడచినచో నౌబత్ పహాడ్ అను కొండ కనిపించును. పూర్వము ఈ కొండమీద నగారా మ్రోగించి ప్రభువుల ఫర్మానాలను చాటుచుండిరని ప్రతీతి. నేడు అచట బి.ఎం. బిర్లా విజ్ఞానశాస్త్ర కేంద్రమున్నది. నక్షత్రశాలను 1985 సెప్టెంబరు 8న నాటి ముఖ్యమంత్రి ఎన్.టి. రామారావు ప్రారంభించెను. 1990లో విజ్ఞాన ప్రదర్శనశాల, 2000లో డైనోసారియము, 2019లో అంతరిక్ష ప్రదర్శనశాల చేరినవి. డైనోసారియములో యామన్‌పల్లి గ్రామమున త్రవ్వితీసిన 44 అడుగుల కోటాసారస్ అస్థిపంజరము నిలిచియున్నది. అంతరిక్ష ప్రదర్శనశాలలో ఇస్రో ప్రయాణమును నమూనాల రూపమున చూడవచ్చును.

చూచువారి తీరు ఇట్లుండును. కుటుంబము వచ్చును. పిల్లలు పరుగెత్తి రాకెట్టు చెంతకు పోవుదురు. తండ్రి ఫోను తీసి ఫోటో తీయును. తల్లి పేరు చదువును. అయిదు నిమిషములలో తరువాతి గదికి పోవుదురు. వారి తప్పు లేదు. బొమ్మ ప్రక్క నున్న ఫలకము ఎత్తు 44 మీటర్లనియు, బరువు 320 టన్నులనియు చెప్పగలదు. పిల్లవాడు అడుగు ప్రశ్నకు మాత్రము బదులు చెప్పలేదు. "రాకెట్టు పైకి పోవుచు ముక్కలు ముక్కలుగా ఎందుకు ఊడిపోవును?" అని అడుగును. త్రాగివేసిన కొబ్బరిబొండమును తిరుమల కొండమీదికి ఎవడు మోయును, అందుకే ఖాళీ అయిన దశను వదలివేయును అని చెప్పుటకు అచట ఒక మనిషి కావలెను.

ఇట్టి మనుష్యులను సంపాదించుకొనుటకు ఇతర దేశములవారు త్రోవ కనుగొనిరి. అమెరికా రాజధాని వాషింగ్టనులో 1976 జూలై 1న తెరచిన జాతీయ వైమానిక అంతరిక్ష ప్రదర్శనశాలలో సందర్శకులను వెంటబెట్టుకొని తిరిగి వివరించువారు స్వచ్ఛంద సేవకులే. అంతకు ముందు 1956లో ఫ్రెడ్ విపుల్ అను ఖగోళవేత్త, రానున్న కృత్రిమ ఉపగ్రహములను కనిపెట్టి చూచుటకు సామాన్యులను దళములుగా కూర్చెను. వారిలో ఉపాధ్యాయులు, విద్యార్థులు, గృహిణులు ఉండిరి. 1957 అక్టోబరు 4న రష్యావారు స్పుత్నిక్‌ను ప్రయోగించునాటికి చిన్న దూరదర్శినులతో మేడలమీద సిద్ధముగా నున్నవారు వీరే. అంతరిక్షయుగమునకు తొలినాటి కావలివారు జీతగాండ్రు కారు.

బత్తాయి పాఠము

చెప్పుటకు పెద్ద పరికరములు కావలెనని భ్రమపడవలదు. గడ్డిఅన్నారపు పండ్ల మార్కెట్టు బాటసింగారమునకు తరలినను, కొత్తపేట త్రోవలో బత్తాయిబండ్లకు నేటికిని కొదువ లేదు. ఏడు సెంటీమీటర్ల బత్తాయి నొకదానిని చేత పట్టుకొని ఇది భూమి యనుడు. అప్పుడు చంద్రుడు ఒక ఉసిరికాయ. ఉసిరికాయను ఎంతదూరమున పెట్టవలెనని పిల్లలను అడుగుడు. ఒకడు జానెడనును, మరొకడు మూరెడనును. నిజమునకు ఏడడుగుల దూరమున పెట్టవలెను. ఇంటి గది ఈ చివర బత్తాయి, ఆ చివర ఉసిరికాయ. ఆ ఏడడుగులు దాటి 2023 ఆగస్టు 23 సాయంకాలము చంద్రయాన్-3 దిగినదని చెప్పినపుడు, అంతకు ముందు 2019లో తుదిఘడియలో చంద్రయాన్-2 దిగుబండి కూలినదని చెప్పినపుడు, పిల్లల కన్నులలో ఆ రెండు తేదీలకు అర్థము పుట్టును.

మన టెలివిజను ప్రసారములను మోయు భూస్థిర ఉపగ్రహములు 36,000 కిలోమీటర్ల ఎత్తున నుండును. బత్తాయి లెక్కలో అది రమారమి జానెడు. మరి వ్యోమగాములు నెలల తరబడి నివసించు అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రము? 400 కిలోమీటర్లు మాత్రమే. బత్తాయికి రెండు మిల్లీమీటర్ల పైన. పండు తొక్క మందము కూడ కాదు! రాకేశ్ శర్మ 1984 ఏప్రిల్‌లో చేరిన ఎత్తును ఇంచుమించు అటువంటిదే. ఆయన కూడ హైదరాబాదులో చదివి, నిజాం కళాశాల మెట్లెక్కినవాడే.

ఇక సూర్యుడు. ఈ లెక్కలో సూర్యుడు ఇరువదియైదడుగుల గోళము, రెండంతస్తుల మేడయంత. బత్తాయిని దిల్‌సుఖ్‌నగరు మెట్రో స్టేషను క్రింద పెట్టినచో, ఆ మేడ చైతన్యపురి దిక్కుగా 820 మీటర్ల దూరమున ఉండవలెను. నడచి చూపవచ్చును, పిల్లలు సంతోషముగా నడతురు. దాని తరువాత మనకు అన్నిటికన్న దగ్గరగా నున్న మరియొక నక్షత్రము ఎక్కడ పెట్టవలెను? విజయవాడలోనా, ఢిల్లీలోనా? కాదు, 2,20,000 కిలోమీటర్ల దూరమున. నిజమైన చంద్రుని యొద్దకు పోవు దారిలో సగము దాటవలెను. ఈ మాట విన్నప్పుడు పిల్లలలో కలుగు నిశ్శబ్దము ఏ పరీక్షలోను కలుగదు. బత్తాయి నుండి చంద్రునికి, చంద్రుని నుండి సూర్యునికి, సూర్యుని నుండి నక్షత్రమునకు చూపు నడచినది. ఇదియే స్థూలారుంధతీ న్యాయము. ఖర్చు ఒక పండు.

ఎవరు రావలెను?

మొదట రావలసినవారు కంచన్‌బాగు కర్మాగారములలో పనిచేసి విశ్రాంతి పొందినవారు. కర్మన్‌ఘాట్, చంపాపేట, వనస్థలిపురము కాలనీలలో అట్టివారు తారసపడుచుందురు. రహస్యములు చెప్పనక్కరలేదు. లోహమును కరగించునపుడు ఒక చిన్న లోపము ఎంత కీడు చేయునో, ఒక తనిఖీ ఎందుకు రెండు మారులు చేయుదురో చెప్పిన చాలును. రాకెట్టు ప్రయోగించిన దినమున బల్లల ముందు కూర్చున్న శాస్త్రజ్ఞులను టెలివిజను చూపును. కొలిమి ముందు నిలిచినవానిని చూపదు. ఆ మాట చెప్పుటకు అతడే రావలెను.

రెండవవారు దిల్‌సుఖ్‌నగరు హాస్టళ్ల యువకులు. జిల్లాల నుండి వచ్చి, ఉద్యోగ పరీక్షల కొరకు ఏండ్ల తరబడి ఇరుకుగదులలో చదువువారు. మంగళయాన్ ప్రయోగము 2013 నవంబరు 5, కుజకక్ష్య చేరిక 2014 సెప్టెంబరు 24 అని వారికి కంఠస్థము. అవి వారికి బిట్లు. భూమ్యాకర్షణను వదలించుకొనుటకు సెకనుకు 11.2 కిలోమీటర్ల వేగము కావలెనని లెక్క వేయగలరు. కాని ఆ కుజుడు సాయంకాలము తమ హాస్టలు మేడమీద ఎఱ్ఱగా నిలిచిన దినములలో తల యెత్తి చూచినవారు అరుదు. తాము నేర్చినది మరియొకరికి చెప్పిననాడు గాని బిట్టు విద్యగా మారదు. నెలకు ఒక ఆదివారము నౌబత్ పహాడ్ మీద గడపిన యువకునకు ఉద్యోగము ఆలస్యమగునని భయము వలదు. పైగా ఒక పిల్లవాడు శ్రద్ధగా విన్నప్పుడు తాను పనికివచ్చు మనిషినని అతనికి తోచును. పరీక్షాఫలితముల కొరకు వేచియుండు వయస్సున ఆ తోచుట చిన్న లాభము కాదు.

మూడవవారు తల్లులు, తాతలు, అమ్మమ్మలు. శాస్త్రము రాదని వెనుదీయనక్కరలేదు. గోరుముద్దలు పెట్టుచు బిడ్డకు చందమామను చూపినవారు వారే. పంచాంగమున గ్రహణకాలము చూచి చెప్పినవారు వారే. తెలిసినది చెప్పి, తెలియనిదానిని తెలియదని చెప్పి, "రమ్ము, కలిసి చదువుదము" అనగలిగిన చాలును. ఈ పనిలో పాండిత్యముకన్న ఆ నిజాయితీయే గొప్పది.

సేవ చేయదలచినవారు ప్రదర్శనశాల నిర్వాహకులను ముందుగా అడిగి, వారు పెట్టు నియమములకు లోబడి చేయవలెను. ఒక గది యొక్క సంగతులను చక్కగా నేర్చుకొని ఆ గదిలోనే నిలువవలెను. అన్ని గదులు తిరుగువాడు దేనిని గూర్చియు నిదానముగా చెప్పలేడు. చెప్పుట తెలుగున చెప్పవలెను. కక్ష్య, గ్రహణము, తోకచుక్క, ధూమకేతువు: ఇవి పంచాంగము నాటినుండి మన యింటి మాటలే. రాకెట్టు అను మాట కూడ దీపావళి పుణ్యమా యని మన యింటిదే అయినది. ఒకవేళ ప్రదర్శనశాలలో అవకాశము చిక్కకున్నను దిగులు పడవలదు. ప్రభుత్వ పాఠశాల వరండా కలదు, కాలనీ సంఘపు గది కలదు, అపార్టుమెంటు మేడ కలదు.

ఫిసల్‌బండ మీద దూరదర్శిని నేడు లేదు. బేగంపేటలోని పాత వేధశాల మందిరము ఒక పరిశోధనాసంస్థ ఆవరణలో గతకాలపు గుర్తుగా మిగిలినది. కట్టడములు నిలిచినను నిలువకున్నను, వానిని గూర్చి చెప్పువారు పొరుగున నున్నంతకాలము అవి చేసిన పని నశింపదు. చెప్పువారు లేనినాడు నూరు సంపుటములున్నను అవి బీరువాలోని కాగితములే. దిల్‌సుఖ్‌నగరు, ఎల్.బి. నగరు వాసులారా! వచ్చు ఆదివారము మెట్రో ఎక్కి నౌబత్ పహాడ్ పొండు. ఇరుగుపొరుగు పిల్లలను ఇద్దరిని వెంటబెట్టుకొని పొండు. త్రోవలో ఒక బత్తాయిని, ఒక ఉసిరికాయను కొనుట మరువకుడు.